వానికి సల్లటి బుద్ధియ్యి తల్లీ

మా బాపమ్మ దీపం పెట్టుడంటే పావుగంట పని. వత్తి ముట్టిచ్చుడు అర నిమిషమే, మిగితాదంత పేర్లు సదువుడు. ఇద్దరు కొడుకులు, కోడండ్లు, అత్తగారిండ్లకు పోయిన బిడ్డలు, వాళ్ల పిల్లలు, తర్వాత మేము, మా తర్వాత బర్రె, బర్రెదూడ, రెండెడ్లు, ఒక యేడు ఎండిపోతున్న జామచెట్టు కూడా లిస్టుల ఉండె. అందరి పానాలు మంచిగుండాలె, కడుపులు సల్లగుండాలె అని. అందరైనంక జరసేపు ఆగి, గొంతు తగ్గిచ్చి, "కొట్టంకాడి పెద్దోనికి సల్లటి బుద్ధియ్యి తల్లీ" అనేది. గొంతు ఎందుకు తగ్గిచ్చేదంటే లోపటి అర్రల మా బాపు ఉంటడు, బాపు తలకాయ మీద ఆరు కుట్లున్నయి, ఆ కుట్లు పడ్డది కొట్టంకాడి పెద్దోని కట్టె దెబ్బకే.

కొట్టంకాడి పెద్దోడంటే బయటి మనిషి కాదు. మా బాపమ్మ బావ కొడుకు, మా బాపుకు వరుసకు అన్న, నాకు పెద్దబాపు. పాలోళ్లం. మాది పరకాల దిక్కు చిన్న ఊరు, మా ఇంటికి వాళ్ల ఇంటికి నడుమ పశుల కొట్టం ఒక్కటే అడ్డం. ఏడేండ్లు ఆ కొట్టం ఇవతల మేము అవతల వాళ్లు, ఒక్క మాట లేదు. తమాషా ఏందంటే మాట లేకున్నా మైల మాత్రం ఇద్దరికి ఉండేది. వాళ్లింట్ల ముసలాయన చచ్చిపోతే మేము పది దినాలు బొట్టు పెట్టుకోలే, గుడికి పోలే, ఆ పది దినాలల్ల మళ్ల వాళ్లతోటి మాట్లాడలే కూడా. చావు కలుపుతది అంటరు గని మా దగ్గర అది కూడా కలపలే.

లొల్లి బాయికాడ మొదలైంది. తాతల నాటి బాయి ఒక్కటే, దాని మీద రెండు మోటర్లు, ఒకటి మాది ఒకటి వాళ్లది. నీళ్లు నిండుగున్నన్ని దినాలు ఎవలికి ఏ పంచాయితి లేకుండె. 1991 ఎండాకాలం బాయి అడుగంటింది, ఊరి పెద్దమనుషులు కూసోబెట్టి వంతులు కట్టిన్రు, ఒక రాత్రి మీది ఒక రాత్రి వాళ్లది అని. కరెంటు వచ్చేదే అర్ధరాత్రి, అది కూడా ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో, మా వంతు రాత్రి కరెంటు రాకపాయె, మరునాడు వచ్చింది గని అది వాళ్ల వంతు. నిన్నటిది నాకు రాలే కాబట్టి ఇయ్యాలది నాదే అన్నడు బాపు. నీ కరెంటు రాకపోతే నా తప్పా అన్నడు పెద్దబాపు. ఇద్దరి మాట నిజమే. ఇక్కడ బాపు చేసింది కూడా చెప్పాలె, ఊకె మా దిక్కే చెప్పుకుంటే బాగుండదు, బాపు పోయి వాళ్ల స్టార్టర్ డబ్బల ఫ్యూజులు గుంజి బాయిల పడేసిండు. అప్పుడు లేచింది కట్టె.

నాకు తొమ్మిదేండ్లు. బండిల పండుకోబెట్టి తీస్కపోతుంటే బాపు తలకు కట్టిన తువ్వాల ఎర్రగయ్యింది యాదికుంది. ఇగ కేసులు, మేము ఆయన మీద, దానికి పోటీగ ఆయన మా మీద.

ఆ రోజు బాపమ్మ దేవున్ని మొక్కలే. మూడుబాటల కాడ నిలబడి జుట్టు ఇప్పుకోని, రెండు చేతులతోటి దుమ్మెత్తి వాళ్లింటి దిక్కు పోసి తిట్టింది. ఆ తిట్లు నేనిక్కడ రాయలేను. మా ఊర్ల ఆడోళ్లు మన్ను పోసుడంటే మామూలు ముచ్చట కాదు, మొగోళ్ల కట్టె కంటె దానికే ఎక్కువ భయపడేది జనం. అసువంటి మనిషి కొన్ని దినాలకే దీపం కాడ వాని పేరు ఎందుకు పట్టుకుందో మాకెవలికీ సమజ్ కాలే.

బాపుకైతే ఇది అస్సలు పడకపోయేది. ఒకనాడు వినపడ్డది గొంతు. అన్నం పళ్లెం ముందట నుంచి లేచొచ్చి,

"అవ్వా, నా తలకాయ పలగ్గొట్టినోని కోసం దేవునికి మొక్కుతున్నవా?"

"ప్రహ్లాదుడు మొక్కలేదారా? వాళ్ల నాయిన ఏనుగులతోటి తొక్కిచ్చిండు, పాములతోటి కరిపిచ్చిండు. నర్సిమ్మసామి వరం కోరుకొమ్మంటే మా నాయిన పాపం పోవాలె అన్నడా లేదా?"

"అన్నడు. అప్పటికే వాళ్ల నాయిన పేగులు బయటపడ్డయి. చచ్చినంక ఎవలైనా మన్నిస్తరు. వీడు బతికే ఉన్నడు గదనే!"

బాపమ్మకు జవాబు దొరకలే ఆ రోజు. ఆమెకు అక్షరం రాదు, ప్రహ్లాదుని కథ ఊర్ల బాగోతం ఆడితే రాత్రుల్లు కూసోని చూసి నేర్చుకున్నది. నేను పెద్దగైనంక మన బమ్మెర పోతన భాగవతం సదివితే ఆ ముచ్చట నిజంగనే ఉంది, తండ్రి పాపం కడిగెయ్యమనే అడుగుతడు పిలగాడు. బాపు పాయింటు కూడా నిజమే అనుకోండ్రి.

నా భక్తి వేరే తీరుగ ఉండేది. బడి ఎనుక హనుమాండ్ల గుడి ఉండె. 1994 ఎండాకాలం అనుకుంట, ఒక మంగళారం పోయి మొక్కిన, సామీ పెద్దబాపు మోటర్ కాలిపోవాలె, కాలిపోతే కొబ్బరికాయ కొడత అని. నాలుగు దినాలు కాలే, కాలిపోయింది. లో వోల్టేజికి ఆ యేడు ఊర్ల శానమంది మోటర్లు కాలినయి, మాది కూడా అంతకుముందు యేడే కాలింది, గని పన్నెండేండ్ల పోరనికి ఆ లెక్కలెక్కడియి, నేను మొక్కిన కాలింది అంతే. ఒక పూట గాలిల తేలిన.

తెల్లారి బాయి దిక్కు పోతే పెద్దబాపు మిర్చితోట మాడిపోయి ఉంది, పెద్దమ్మ, వాళ్ల బిడ్డ బిందెలతోటి నీళ్లు మోసుకొచ్చి సాలుకు ఇంతింత పోస్తున్నరు. ఆ పిల్ల నాతోటే సదువుతది బడిల, మాట్లాడకపోయేది అనుకోండ్రి. కాళ్లకు చెప్పుల్లేవు, ఎండల ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టుకుంట నడుస్తుంది. మోటర్ విప్పి పరకాలకు తీస్కపోయిన్రు, వైండింగ్ చేపియ్యనీకె పైసల్లేక వారం ఆడనే ఉన్నది. నాకేమో ఇంకో భయం పట్టుకున్నది, కొబ్బరికాయ బాకీ ఉన్న హనుమాండ్లకు, కొడితే ఆ తోట నేను మాడ్పిచ్చిన అని ఒప్పుకున్నట్టు, కొట్టకపోతే దేవుడు ఊకుంటడా. మూడు రాత్రులు నిద్ర పట్టలే. నాలుగో రాత్రి బాపమ్మ పక్కల పండుకోని మెల్లగ చెప్పిన.

తిడతది అనుకున్న. ఏం అనలే శానసేపు. తర్వాత చీకట్ల చెప్పింది. తను మన్ను పోసిన మూడో రోజు ఆ పిల్లకే అమ్మతల్లి పోసిందట, ఒళ్లంత బుగ్గలు, కండ్లు కూడా తెరవకపోయిందట. బాపమ్మకు పానం పోయినంత పనైంది. ఎవలికీ చెప్పకుండ పొద్దుగూకినంక యాపమండలు తెంపి కొట్టం గోడ మీద పెట్టొచ్చేదట రోజూ, పొద్దున చూస్తే ఆ మండలు ఉండకపోయేవట. పిల్ల బతికింది. "నా నోరు మంచిది కాదురా అయ్యా, అందుకే మాట మార్చిన" అన్నది.

మరి కొబ్బరికాయ ఎట్ల అని అడిగిన. నా బాధ నాది.

"మొక్కు మొక్కే, కొట్టుడు కొట్టాలె. గని కొట్టేటప్పుడు నువ్వు గూడ మాట మార్చు."

పైసలు తనే ఇచ్చింది. మంగళారం పోయి కొట్టి, సామీ ఆ మోటర్ బాగుకావాలె అని మొక్కి, ఒక చిప్ప పట్టుకపోయి బడిల ఆ పిల్ల చేతుల పెట్టిన. ఎందుకు కొట్టినవ్ అన్నది. ఊకెనే అన్న. తిన్నది. మూడేండ్లల్ల అదే మొదటి మాట.

మళ్ల వచ్చిన దసరా సెలవులల్ల బాపమ్మ నన్ను ఓరుగల్లు భద్రకాళి గుడికి తీస్కపోయింది. చెరువు నిండుగుండె, కట్ట మీద గాలి, లోపట నవరాత్రుల జనం. లైన్ల నిలబడి ఉన్నప్పుడు ముందటి మనుషుల సందుల నుంచి అమ్మవారి మొఖం చూపిచ్చి, "ఈ మొఖం ఇట్ల లేకుండె ఒకప్పుడు" అన్నది. ఆమె ఏ లెక్కయినా పరకాల కాల్పుల నుంచే పట్టేది, అంటే 1947 సెప్టెంబర్‌ల జెండా పండుగ నాడు పరకాలల తుపాకులు పేలినయి గదా, దానికి ముందు దానికి తర్వాత అని. పేలినదానికి ముందు కొత్త కోడలుగ ఉన్నప్పుడు అత్తతోటి వచ్చి చూసిందట, అప్పుడు అమ్మవారు ఉగ్రంగ ఉండేదట, కండ్లు చూస్తే చిన్నపిల్లలు జడుసుకునేటోళ్లట. తర్వాత 1950ల గుడి బాగుచేసినప్పుడు నాలుక మీద అమృత బీజాక్షరాలు రాసి అమ్మను శాంతపరిచిన్రని గుడి దగ్గర ఇప్పటికీ చెప్తరు. బాపమ్మకు బీజాక్షరాలు గిట్ల తెల్వదు. తను చూసింది రెండు మొఖాలు, అంతే. మొదటిసారి భయమైంది, రెండోసారి పోతే మా అవ్వ లెక్క ఉంది అన్నది.

"అంతటి అమ్మోరే సల్లవడ్డది. కొట్టంకాడోడెంత చెప్పు? వాడు మన పోరడే, నేను ఎత్తుకోని తిప్పినోడే."

మంత్రం రాసినోళ్లు ఎవలో పండితులు, మన దగ్గర ఎవలు రాయాలె అని అడుగుదామనుకున్న గని అప్పటికే లైను కదిలింది. ఆ రోజు అమ్మవారికి ఒడిబియ్యం మొక్కుకున్నది, వాళ్లు మేము కలిస్తే ఇద్దరు కోడండ్లతోటి వచ్చి పోస్త అని.

ఇగ దసరా ముచ్చట. మా దిక్కు దసరా నాడు పొద్దుగూకంగ ఊరంత జమ్మిచెట్టు కాడికి పోతరు, దారిల పాలపిట్ట కనబడితే మంచిది అంటరు. పూజైనంక జమ్మాకు తెంపుకొని, బంగారం అని ఒకలి చేతుల ఒకలు పెట్టుకుంటరు, అలాయ్ బలాయ్ తీసుకుంటరు, పెద్దోళ్ల కాళ్లు మొక్కుతరు. కాగితం మీద ఇంటోళ్ల పేర్లు రాసి జమ్మి శ్లోకం రాసి చెట్టుకు కట్టేది, మా ఇంట్ల రాసే డ్యూటీ నాది. "శమీ శమయతే పాపం, శమీ శత్రు వినాశినీ". తొమ్మిదో తరగతిల నాకు తెలివి ఎక్కువై బాపమ్మను పట్టుకున్న, ఇండ్ల శత్రువు నాశనం అని ఉంది, నువ్వేమో శత్రువు ఇంటికే జమ్మి పంపుతవేందే అని. ఎందుకంటే ప్రతి దసరాకు నాతోటే పంపేది, వాళ్ల కడప మీద నాలుగు జమ్మాకులు పెట్టి రా అని. కుక్క ఉండేది వాళ్లకు, నా బాధ కుక్కతోటి.

బాపమ్మ ఆలోచించి, "శత్రువు పోవుడంటే మనిషి సచ్చుడేనారా? వాడు ఉండంగనే శత్రువు పోవద్దా?" అన్నది.

సంస్కృతం సార్లు ఏమంటరో తెల్వదు గని నాకైతే ఆ అర్థమే ఉండిపోయింది.

మొదటి యేడు పెట్టిన జమ్మి తెల్లారి ఊడ్సి బజార్ల పడేసి ఉండె. రెండో యేడు కూడా. మూడో యేడు పెట్టంగ పెద్దమ్మ చూసింది, ఏం అనకుండ లోపటికి పోయింది. పెద్దబాపు మాత్రం జమ్మిచెట్టు కాడ మేము ఇటు నుంచి పోతే ఆయన అటు నుంచి తిరిగి పోయేటోడు. ఊరంత అలాయ్ బలాయ్, వీళ్లిద్దరు చెట్టుకు చెరో దిక్కు.

1997 వచ్చింది. ఆ యేడు వరంగల్ జిల్లా పత్తిరైతులకు ఏమైందో ఈ దిక్కోళ్లకు చెప్పనక్కర్లేదు. పచ్చపురుగు, లద్దెపురుగు, ఏ మందు కొట్టినా సావకపోయేది, మందులల్లనే కల్తీ అన్నరు, కొన్ని ఇండ్లల్ల ఆ మందే మనుషులు తాగిన్రు. ఎనుమాముల మార్కెట్‌కు బండ్లకు బండ్లు పోయే మా ఊరి నుంచి ఆ యేడు బస్తాల లెక్కన పోయింది. మాది పోయింది, పెద్దబాపుది పోయింది. బాకీలోళ్లు కొట్టానికి ఇటు అటు రెండిండ్లకు ఒక్క రోజే వచ్చేటోళ్లు, ముందు వాళ్లింట్ల కూసోని లేచి మా ఇంట్ల కూసునేటోళ్లు. బాపమ్మ దీపం కాడ టైం పెరిగింది ఆ దినాలల్ల. బాపు గురించి భయం ఉండె ఆమెకు, పెద్దబాపు గురించి కూడా ఉండె. ఒకనాడు "కొట్టంకాడి పెద్దోనికి" అని మొదలుపెట్టి సల్లటి బుద్ధి అననే లేదు, "వాని పానం కాపాడు" అన్నది. బాపు విన్నడు, ఈసారి లేచి రాలే.

ఆ యాసంగిల బాయి కింద అరెకరం వరి పెట్టినం, ఇంట్ల తిండికి అదొక్కటే దిక్కు. బాపుకు చలిజ్వరం వచ్చి పదిహేను దినాలు మంచం పట్టిండు. నేను హన్మకొండ హాస్టల్ల ఉన్న. అర్ధరాత్రి కరెంటుకు పోయి మోటర్ వేసేటోడు లేక మడి నెర్రెలు వాసింది. మూడు దినాలైనంక అమ్మ పొద్దున పోయి చూస్తే మడి నిండ నీళ్లు. మా మోటర్ బంద్ ఉంది, పెద్దబాపు కాలువకు మా మడి దిక్కు గండి కొట్టి ఉంది, మళ్ల ఆ గండి నీటుగ మట్టితోటి పూడ్చి ఉంది. అమ్మ వచ్చి చెప్తే బాపు మంచంల నుంచే, "గట్టు తెగి ఉంటది" అన్నడు. తెగిన గట్టు దానంతటదే పూడుకుంటదా అంటే గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. అట్ల ఇంకో రెండుసార్లు తెగింది ఆ గట్టు.

అయినా మాట్లాడుకోలే! పాలోళ్ల పంతం అట్లుంటది.

1998ల కేసు లోక్ అదాలత్‌కు వచ్చింది. ఆ చట్టం అమలుకొచ్చి అప్పటికి మూడేండ్లు కూడా కాలే, మా వకీలే చెప్పిండు, ఇద్దరు రాజీ అంటే ఒక్క రోజుల అయిపోతది, దాని మీద మళ్ల అప్పీల్ ఉండదు అని. ఏడేండ్ల వాయిదాలకు ఎడ్ల జత ఖర్చయింది, ఇద్దరూ సరే అన్నరు, ఎవల వకీలుకు వాళ్లు. ఆ రోజు పొద్దున ఊరి నుంచి హన్మకొండకు ఉన్నది ఒక్కటే బస్సు, ఇద్దరూ అదే ఎక్కిన్రు, ఈయన ముందట ఆయన ఎనుక. ఈ ముచ్చట బాపు చెప్పినట్టే చెప్త, ఎందుకంటే ఇరవై ఏండ్లల్ల కనీసం వందసార్లు చెప్పి ఉంటడు.

టికెట్ పది రూపాలు. బాపు యాభై ఇచ్చిండు, పెద్దబాపు ఇరవై ఇచ్చిండు. కండక్టర్ చిల్లర లేదని టికెట్ ఎనుక రాసిచ్చిండు. హన్మకొండ బస్టాండ్ల దిగేటప్పుడు బాపు నలభై అడిగిండు, పెద్దబాపు పది అడిగిండు. కండక్టర్ సంచి ఎతికి ఎతికి ఒక్క యాభై నోటు తీసి, ఇద్దరిది ఒక్క ఊరే కదా, మార్చుకోండ్రి అని పెద్దమనిషి అని పెద్దబాపు చేతుల పెట్టి రైట్ రైట్ అన్నడు.

ఇగ చూడుండ్రి. పెద్దబాపు నోటు జేబుల పెట్టుకోని నడుస్తున్నడు. బాపు అడగలేడు, అడిగితే మాట్లాడినట్టయితది. ఇడిసిపెట్టలేడు, నలభై రూపాలు. అదాలత్ దాకా ఆయన ముందట, ఈయన పది అడుగుల ఎనుక. పెద్దబాపు ఒకసారి ఆగితే బాపు కూడా ఆగి చెప్పు సదురుకున్నడట. కోర్టు ముందట చాయ్ బండి కాడ పెద్దబాపు ఆగిండు, నోటు తీసి రెండు చాయ్ అన్నడు. చాయ్‌వాడు రెండు గ్లాసులు పెట్టిండు. ఒకటి ఈ దిక్కు జరిపి, చాయ్‌వానితోటి అన్నట్టుగ, "తాగుమను, సల్లారుతది" అన్నడట.

బాపు తాగిండు. అప్పుడు పెద్దబాపు లెక్కపెట్టి ముప్పై ఆరు రూపాలు బాపు చేతుల పెట్టి పది తన జేబుల ఏసుకున్నడు. బాపు చూసుకోని,

"అన్నా, నాయి నలభై."

"రెండు చాయ్‌లు నాలుగు రూపాలు పోయినయి."

"నీ చాయ్ పైసలు గూడ నేనే ఇయ్యాల్నా?"

"తమ్మునివి, ఇయ్యవా?"

లోపటికి పోయి రాజీ కాగితం మీద సంతకాలు పెట్టిన్రు. ఆ సంతకాల గురించి బాపు ఎప్పుడూ చెప్పడు, జడ్జి ఏమన్నడు అని అడిగితే "ఏమన్నడో" అంటడు. ఇంటికొచ్చి అరుగు మీద కూసోని "చూడే అవ్వా, నా పైసలతోటే నాకు చాయ్ తాపి, మళ్ల తమ్మునివి ఇయ్యవా అంటడు" అని ఒకటే లొల్లి. బాపమ్మ ఇంకా పొద్దు ఉండంగనే లేచి లోపటికి పోయి దీపం పెట్టింది. ఆ రోజు పేర్లు సదవలే. ఏడేండ్లు అమ్మవారిని అడిగితే ఆఖరుకు చిల్లర లేని కండక్టర్‌ను పంపిందా అని నేను తర్వాత నవ్వితే, "ఆమెకు ఎవలు దొరికితే వాళ్లను పంపుతది" అన్నది.

ఆ దసరాకు ముందే ఒడిబియ్యం పోసొచ్చిన్రు, బాపమ్మ, పెద్దమ్మ, అమ్మ. పోయేటప్పుడు బస్సుల ముగ్గురు మూడు సీట్లల్ల కూసున్నరట, వచ్చేటప్పుడు ఒక్క సీట్ల.

బాపమ్మ 2006ల పోయింది. పెద్దబాపు గుండు చేపిచ్చుకున్నడు, పాడె ముందటి కొమ్ము పట్టిండు, చిన్నవ్వా చిన్నవ్వా అని ఏడ్సిండు. కట్టె ఎత్తినందుకు మాత్రం బాపుకు ఏనాడూ తప్పైంది అనలే, బాపు కూడా ఫ్యూజుల ముచ్చట ఎత్తలే.

మొన్న దసరాకు ఊరికి పోయిన. పెద్దబాపుకు ఎనభై దాటినయి, కండ్లు సరిగ కనబడతలేవు, జమ్మిచెట్టు దాకా నడవలేడు, కొట్టం ఉన్న జాగల ఇప్పుడు వాళ్ల మనుమడు కారు పెడుతుండు, ఆ నీడల కుర్చీ ఏసుకోని కూసున్నడు. బంగారం అని చేతుల జమ్మి పెట్టి కాళ్లు మొక్కిన. ఎవలూ అన్నడు, చెప్పిన. తలకాయ మీద చెయ్యి పెట్టి నిమిరి, ఆకులు జేబుల ఏసుకోని, "మీ బాపు ఇంకా ఆ రెండు రూపాలు అడుగుతుండారా?" అన్నడు.

అడుగుతుండు పెద్దబాపూ అన్న.

"ఇయ్యనని చెప్పు" అన్నడు.